ఐదో తీగ

పైజాన్ చేయి వణుకుతోందని గెంతెంగ్ బజారు మొత్తంలో ముందుగా కనిపెట్టింది నేనే. కనిపెట్టి ఏడాదిన్నర పాటు నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే. నా నోరంటే మెట్ల దగ్గర మోపెడ్లు నిలిపేవాళ్లకు కూడా హడల్. అలాంటిదాన్ని ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఎవరితోనూ అనలేకపోయాను, చివరికి ఆయనతో కూడా.

సురబాయాలో మా బజారు పై అంతస్తులో నాది తీగలు, స్విచ్చులు, రెసిస్టర్లు అమ్మే కొట్టు. పక్కది పైజాన్‌ది. మధ్యలో గోడ లేదు, నా సొరుగుల బీరువాయే గోడ. ఇరవై రెండేళ్లుగా ఆయన టంకం పొగ నా తలగుడ్డకు పట్టి ఉంది. మా ఆయన బతికున్న రోజుల్లో, నువ్వు గుమ్మంలో కాలుపెట్టకముందే టంకం వాసన లోపలికొస్తుందే అని వెక్కిరించేవాడు.

పైజాన్ బ్లితార్ నుంచి పద్దెనిమిదేళ్లప్పుడు రేడియోలు బాగుచేసే పనిమీద వచ్చాడు. రేడియోల కాలం పోయినప్పుడు చాలామంది తల పట్టుకున్నారు. ఈయన మరుసటి వారానికల్లా టీవీల వెనక కూర్చున్నాడు. టీవీలు పలచబడిపోతే డీవీడీలు, అవీ పోతే సెల్‌ఫోన్లు. యాభై నాలుగో ఏట, ఇంగ్లీషు ముక్క రాకపోయినా, ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూసి చూసి దీపాలకు బుర్ర మార్చడం నేర్చుకున్నాడు.

బుర్ర మార్చడం అన్న మాట ఆయనదే. ఫోనుతో వెలిగించే దీపాల్లో గోరంత చిప్పు ఉంటుంది. అది తన కంపెనీ మాట తప్ప ఇంకొకరి మాట వినదు. కంపెనీ ఎక్కడో తన కంప్యూటర్లు కట్టేసిందంటే ఇక ఆ దీపం ఎవరికీ పనికిరాకుండా, దిక్కులు చూస్తూ మినుకుమంటూ ఉండిపోతుంది. పైజాన్ దాని అడుగు విప్పి, బోర్డు మీద ఆవగింజల్లాంటి ఐదు చుక్కలకు ఐదు తీగలు టంకం వేసి, ల్యాప్‌టాప్‌కు కలిపి, పాత బుర్ర చెరిపి కొత్తది ఎక్కిస్తాడు. ఒక తీగ కరెంటుకు, ఒకటి గ్రౌండుకు, ఒకటి దీపం మాట్లాడటానికి, ఒకటి వినడానికి. ఐదోదాన్ని సున్నా తీగ అంటారు. కరెంటు ఇచ్చే క్షణంలో ఆ సున్నా తీగను గ్రౌండుకు తాకించి పట్టుకుంటేనే దీపం కొత్త మాటకు తలుపు తీస్తుంది. లేకపోతే పాత పాటే పాడుతుంది.

కొట్టు ముందు ఆయన చేత్తో రాసుకున్న బోర్డు వేలాడుతుంది. చచ్చిన దీపమైనా సరే, పైజాన్ చూస్తాడు. ఇంకో అలవాటు కూడా ఉంది. బాగైన వస్తువు కొట్టులో వెలిగితే చాలదు, తెచ్చినవాళ్ల చేతుల్లో వెలగాలి. అప్పటిదాకా దమ్మిడీ ముట్టడు.

వణుకు నాకు కాఫీ గ్లాసు దగ్గర తెలిసింది. కుడిచేత్తో తాగే మనిషి ఎడమచేత్తో ఎత్తుతున్నాడు. తర్వాత మణికట్టు కింద ఖాళీ చేపల డబ్బా ఒకటి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అదేంటని ఎదురు కొట్టు కో హ్వాన్ అడిగితే, ఎత్తు సరిపోవడం లేదన్నాడు. ఆ తర్వాత సన్నపని వస్తే చాలు, "ఈ వారం తీరదు, ఇంకెక్కడన్నా చూసుకో" అని పంపేయసాగాడు. కో హ్వాన్ లౌడ్‌స్పీకర్లు అమ్ముతాడు, ఆయన గొంతు వాటికంటే పెద్దది. మేమందరం పైజాన్‌ను చాక్, అంటే అన్నా అని పిలుస్తాం. "ఏం చాక్, బ్లితార్‌లో పొలం కొన్నావా, బేరాలు తన్నేస్తున్నావ్?" అని గావుకేక పెట్టేవాడు. పైజాన్ నవ్వి ఊరుకునేవాడు. నేను సొరుగులు సర్దుకుంటూ తల తిప్పుకునేదాన్ని.

కినాంతి వచ్చింది బుధవారం పొద్దున, పదింటికి.

ఇరవై ఐదేళ్లు ఉంటాయేమో. గుడ్డ ఉయ్యాలతో పాపను గుండెకు కట్టుకుంది. చేతిలో ఒక గుండ్రటి తెల్ల దీపం. కళ్లు లోపలికి పోయాయి, నిలబడటానికి నా సొరుగుల బీరువా పట్టుకుంది. పైజాన్ ఏం కావాలని అడిగితే ఫోను తీసి ఏదో కొట్టి చూపించింది. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోగా నేనే లాక్కుని పైకి చదివాను.

"నాకు వినపడదు. నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి కొంత తెలుసుకుంటాను. ఈ దీపం మా పాప ఏడిస్తే వెలిగేది. పన్నెండు రోజులుగా వెలగడం లేదు."

దీపంలోనే చిన్న మైకు ఉంది. అది విన్నదాన్ని కంపెనీ కంప్యూటరుకు పంపేది. ఇది ఏడుపే అని అక్కడ తేలితే దీపం ధగధగా కొట్టుకునేది. ఇప్పుడా కంపెనీ లేదు.

"ఎప్పుడూ చంకనే ఉంచుకుంటే పోలా?" అన్నాడు కో హ్వాన్, అడక్కుండానే వచ్చి నిలబడి.

ఆమె ఆయన పెదాలు చూసింది. మళ్లీ కొట్టింది, నేను చదివాను. పాప ఏడో నెలలో పుట్టింది. పేరు సేకర్. నిద్రలో పాలు పైకొచ్చి ఊపిరాడదు, వెంటనే ఎత్తి వీపు తట్టాలి. భర్త బొగ్గు ఓడ మీద కలిమంతాన్ వెళ్లాడు, వచ్చే నెలాఖరుకు గాని రాడు. తను ఇంట్లో పెళ్లికూతుళ్లు తొడుక్కునే కెబాయా రవికలకు పూసలు కుడుతుంది. దీపం పోయినప్పటి నుంచి పూసల దారం ఒక కొస పాప కాలికి, ఇంకో కొస తన మణికట్టుకు కట్టుకుని పడుకుంటోంది.

అప్పుడు చూశాను. ఆ దారం ఇప్పుడు కూడా ఉంది, ఉయ్యాల గుడ్డలోంచి ఆమె మణికట్టు దాకా.

"గురువారం రాత్రి దారం తెగింది. నాకు తెలియలేదు. పక్కింటి పెద్దావిడ తలుపు విరగ్గొట్టుకుని వచ్చి లేపింది. పాప పెదాలు నీలం రంగులో ఉన్నాయి. అప్పటి నుంచి నేను నిద్రపోవడం లేదు."

ఇలాంటి దీపం ఇంకోటి దొరకదా అని కో హ్వాన్ అడిగితే, ఊరంతా తిరిగానని, బయటిదేశం నుంచి రావడానికి నెల పైనే పడుతుందన్నారని ఆమె రాసింది.

పైజాన్ దీపాన్ని ముట్టుకోలేదు. "ఈ వారం..." అని మొదలుపెట్టాడు.

"చూడండి చాక్," అన్నాను.

ఆయన నా వంక చూశాడు. తెలిసే అడుగుతున్నావా అన్నట్టు ఉంది ఆ చూపు. నాకు తెలుసని ఆయనకు కూడా తెలుసునని ఆ క్షణంలో అర్థమైంది. అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు. ఎలా తీసుకుంటాను, ఆ పిల్లను చూశాక?

దీపం అడుగు రబ్బరు ఒలిచి, మూడు మరలు విప్పి బోర్డు బయటికి తీశాడు. మిగతావాటికంటే చిన్నది. ఐదు చుక్కలూ వరసగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నట్టున్నాయి. చేపల డబ్బా మీద మణికట్టు ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు. మొదటి తీగ పడింది. రెండోది పడింది. మూడోదానికి మూడుసార్లు వెనక్కి తగ్గాడు. నాలుగోదానికి చొక్కా వీపున తడిసిపోయింది. కినాంతి ఆయన ముఖమే చూస్తోంది. వినపడనివాళ్లు ముఖాన్ని ఎంత చదువుతారో నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఐదో తీగ కూడా అంటింది. అంటిందని ఆయన ఊపిరి వదిలాడు. ఊపిరితోపాటు చేయి ఒక్కసారి ఎగిరింది. తీగ లేచిపోయింది. తీగ కొసన మెరుస్తూ చిన్న రాగి చుక్క.

సున్నా చుక్క బోర్డు నుంచి ఊడి వచ్చేసింది.

మా పనిలో ఉన్నవాళ్లకు అదేమిటో చెప్పక్కర్లేదు. టంకం సరిగా పడకపోతే మళ్లీ వేయొచ్చు. చుక్కే ఊడిపోతే వేయడానికి చోటుండదు. ఆ బోర్డును చెత్తడబ్బాలో వేసి తెచ్చినవాళ్లకు క్షమాపణ చెప్పుకుంటారు. ఇక్కడ క్షమాపణ చెప్పి ఏం చేస్తాం? ఆ పిల్ల ఇంటికెళ్లి మళ్లీ దారం కట్టుకోవాలి.

కినాంతి ఫోను ఎత్తింది. ఒకే మాట. "పోయిందా?"

పైజాన్ బోర్డు పక్కన పెట్టాడు. కుడిచేయి బల్ల కిందికి పోయింది. "బోర్డే బాగాలేదు, అమ్మాయ్," అన్నాడు నెమ్మదిగా, ఆమె చదువుకోవడానికి వీలుగా. "ఈ రకం ఇంతే. నాసిరకం. రాగి నిలవదు."

ఇరవై రెండేళ్లలో ఆయన నోట అబద్ధం వినడం అదే మొదలు. అది కూడా అంత నిదానంగా, పెదాలు స్పష్టంగా కదిపి. నాకు ఒళ్లు మండింది. ఆయన మీదో నా మీదో చెప్పలేను. కినాంతి తల ఊపింది. దీపం ముక్కలన్నీ ఒక్కొక్కటే సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది, మరలతో సహా. మర ఒకటి కింద పడితే వంగి తీసుకోబోయి, పాపతో సహా తూలింది. నేను పట్టుకున్నాను. ఒళ్లు జ్వరం వచ్చినట్టు కాలుతోంది.

"చాక్," అన్నాను. "బల్ల కింద ఏం దాచారు?"

"నోర్ముయ్, నింగ్."

"ఏడాదిన్నర మూసుకున్నాను. అందువల్లే ఇంత దూరం వచ్చింది. ముందే అరిచి ఉంటే ఈ పిల్ల ఇంకెవరి దగ్గరికన్నా వెళ్లేది, చుక్క మిగిలేది. నా పాపం కూడా ఉంది ఇందులో, ఒప్పుకుంటున్నాను. మీరు కూడా ఒప్పుకోండి."

"ఏంటి గొడవ?" అన్నాడు కో హ్వాన్.

పైజాన్ కినాంతి ఫోను అడిగి తీసుకున్నాడు. ఏదో రాయబోయాడు. వేలు ఒక అక్షరం మీద పెడితే పక్క అక్షరం పడుతోంది. రెండు మూడుసార్లు చెరిపాడు. ఇక లాభం లేదని ఫోను పెట్టేసి, కుడిచేయి ఎత్తి ఆమె ముఖం ముందు చాపాడు.

అది వణికింది. నడవలో నిలబడ్డవాళ్లు, స్పీకరు కొనడానికొచ్చినవాళ్లు, కో హ్వాన్, అందరూ చూశారు. ఆయన దించలేదు.

"బోర్డు తప్పేం లేదు తల్లీ," అన్నాడు. "ఇదీ సంగతి."

కో హ్వాన్ నడవలో గుమిగూడినవాళ్లను వెనక్కి పంపాడు.

కినాంతి ఆ చేతిని చూసింది, సంచిలోంచి బోర్డు తీసి చూసింది. ఫోనులో కొట్టింది. "చుక్క లేకపోతే ఇంకో దారి లేదా?"

ఉంది. పైజాన్ చెప్పాడు, నేను రాసి చూపించాను. ఊడిన చుక్క నుంచి చిప్పు కాలి వరకు బోర్డు మీద పచ్చరంగు కింద వెంట్రుకంత రాగి గీత వెళ్తుంది. పైరంగును సూదితో గీకి, గీత తెగకుండా మెరిసేదాకా గీకి, దాని మీద వెంట్రుకంత తీగ అంటించాలి. తెగితే ఇక దేవుడే దిక్కు. "పదేళ్ల క్రితం కళ్లు మూసుకుని చేసేవాణ్ని," అన్నాడు. కో హ్వాన్ తన ఎరుకలో ఉన్న ఇద్దరు మెకానిక్కులకు ఫోను చేశాడు. ఒకడు సిదోఅర్జోలో ఉన్నాడు, రేపు వస్తానన్నాడు. రెండోవాడు ఇలాంటివి ముట్టనన్నాడు.

రేపు అంటే మధ్యలో ఇంకో రాత్రి ఉంది.

కినాంతి తన సంచిలోంచి చిన్న డబ్బీ తీసింది. పూసలు గుచ్చే సూదులు. నేను చాలా సూదులు చూశాను గాని అంత సన్నవి చూడలేదు. ఒకటి తీసి వేళ్ల మధ్య పట్టుకుని పైజాన్ ముందు పెట్టింది. చేయి గాల్లోనే ఉంది, ఆసరా లేదు. ఐదు రాత్రులు నిద్రలేని ఒళ్లు తూలుతోంది గాని, ఆ వేళ్లు మాత్రం కదల్లేదు.

"టంకం ఎప్పుడన్నా పట్టుకున్నావా?" అన్నాడు పైజాన్.

ఆమె లేదని తల అడ్డంగా ఊపింది.

పాపను నాకిచ్చింది. ఇచ్చే ముందు మణికట్టు మీది దారం ముడి విప్పి, అడగకుండానే నా మణికట్టుకు కట్టింది. రెండు ముడులు. అప్పుడు గాని స్టూలు మీద కూర్చోలేదు.

పైజాన్ ఒక పనికిరాని బోర్డు ఇచ్చి అభ్యాసం చేయించాడు. టంకం కడ్డీ ఎలా పట్టుకోవాలో చూపించాడు. "ముందు చోటుకు వేడి పెట్టు, తీగకు కాదు. ఒకటి, రెండు అనుకో. టంకం దానంతటదే పరుచుకుంటుంది. అప్పుడు తీసెయ్. తీశాక ఊపిరి వదిలేదాకా తీగ ముట్టుకోకు." ఆ చివరి మాట రెండుసార్లు చెప్పాడు. మొదటిది ముద్దగా పడింది. రెండోదానికి వేలు కాల్చుకుంది. పెదవి కొరుక్కుంది గాని చేయి తీయలేదు. తొమ్మిదోది చూసి పైజాన్ బోర్డు మార్చి అసలుది పెట్టాడు.

గీకడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో కో హ్వాన్ తన కొట్టులో వాగుతున్న స్పీకర్లన్నీ ఆపేశాడు. ఆమెకు వినపడదని ఆయనకు తెలుసు, అయినా ఆపాడు. పచ్చరంగు పొడిలా లేచింది. దాని కింద ఎర్రగా ఒక గీత. నా పాత హెడ్‌ఫోను తీగ కోసి, అందులోంచి ఒక్క పోగు లాగి ఇచ్చాను. పైజాన్ ఆమె భుజం మీద ఎడమచేయి వేశాడు. ఒకసారి నొక్కితే పెట్టు, రెండుసార్లు నొక్కితే తీసెయ్ అని ఒప్పందం.

నొక్కాడు. పొగ లేచింది. నొక్కాడు, నొక్కాడు.

ఆమె కడ్డీ తీసి, ఊపిరి వదిలి, ఆ తర్వాత గాని వేళ్లు కదపలేదు.

సున్నా తీగ గ్రౌండుకు తాకించి పట్టుకుంది. పైజాన్ ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ. రాలేదు. పైజాన్ బోర్డు మీదికి వంగి, మాట్లాడే తీగనూ వినే తీగనూ తానే తారుమారుగా కలిపానని చూసుకున్నాడు. రేడియోల నాటి నుంచి ఎవరికైనా చెప్పే మొదటి పాఠం అది. తిట్టుకుంటూ మార్చాడు. మూడోసారి తెర మీద అంకెలు పరుగెత్తాయి. పాత బుర్రను ముందు భద్రంగా తీసి దాచాడు, అది ఆయన ఆచారం. తర్వాత చెరిపాడు. కొత్తది ఎక్కించాడు. ఆ మైకు విన్నదాన్ని బయటికెక్కడికీ పంపకుండా, పసిపిల్లల ఏడుపు తీరు వినపడితేనే అక్కడికక్కడే దీపం కొట్టుకునేలా రాసిపెట్టుకున్నాడట, ఎవరికోసమో ఏడాది కిందట. ఆ మనిషి మళ్లీ రానేలేదట.

తీగలన్నీ ఆమే ఊడదీసింది. తీగలుండగా గోడ ప్లగ్గులో పెడితే మనిషే పోతాడని పైజాన్ ఆమెకు మెడ కోసుకున్నట్టు సైగ చేసి చూపించాడు. దీపం మూసి, మరలు బిగించి, ప్లగ్గులో పెట్టి, ఆమె చేతుల్లో ఉంచాడు.

చీకటిగానే ఉంది. నేను చప్పట్లు కొట్టాను. వెలగలేదు. కో హ్వాన్ స్పీకరు పెట్టి చెవులు పగిలేలా వాయించాడు. వెలగలేదు.

"పిల్ల ఏడ్చినప్పుడే," అన్నాడు పైజాన్. ఆయన ముఖంలో కూడా నమ్మకం కనపడలేదు.

సేకర్ నా ఒళ్లో హాయిగా నిద్రపోతోంది. గిల్లి ఏడిపించడానికి ఎవరికి చేతులొస్తాయి? అందరం ఆ పిల్లను చూస్తూ కూర్చున్నాం. కినాంతి నా సొరుగుల బీరువాకు ఆనుకుని నేల మీద కూర్చుంది, దీపం ఒళ్లో పెట్టుకుని. కనురెప్పలు వాలుతున్నాయి, లేపుతోంది, వాలుతున్నాయి. ఒకసారి వాలినవి మళ్లీ లేవలేదు.

ఎంతసేపో తెలియదు. సేకర్ మెలికలు తిరిగింది, పాలు కక్కింది, ముఖం కందిపోయింది, ఆ తర్వాత గొంతు విప్పింది. నా మణికట్టు మీద దారం లాగింది.

కినాంతి ఒళ్లో దీపం భగ్గుమంది. తెల్లటి వెలుగు ఆగి ఆగి ఆమె ముఖం మీద కొడుతోంది. కో హ్వాన్ ఎగిరి గంతేశాడు. పైజాన్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని ఆ వెలుగు చూస్తున్నాడు.

ఆమె లేవలేదు.

వెలుగు మూసిన కళ్ల మీద కొట్టింది, మళ్లీ కొట్టింది. తల పక్కకు వాలింది. అంతే. అంత చేసి, చుక్క పోయి, గీత గీకి, వేలు కాల్చుకుని సంపాదించిన వెలుగు ముందు ఆ తల్లి శవంలా పడి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. కో హ్వాన్ ఆమెను కుదపబోయాడు.

"లేపకు," అన్నాడు పైజాన్. "దీపం బానే ఉంది. మనిషిలోనే ఓపిక మిగల్లేదు. ఈ పూట పడుకోనీ, రేపటి నుంచి లేస్తుంది."

"మరి పాప?"

ఆయన నా మణికట్టు మీది ముడులు పళ్లతో విప్పి, దారం తన కుడి మణికట్టుకు చుట్టుకున్నాడు. సేకర్‌ను ఎత్తి భుజాన వేసుకుని, వీపు మీద ఆ చేయి పెట్టాడు. తట్టాల్సిన అవసరం లేకపోయింది. చేయి దానంతటదే చిన్నగా, ఆగకుండా వీపు మీద ఆడుతోంది. పాప కక్కింది, దగ్గింది, ఊపిరి పీల్చింది. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. ఎక్కిళ్లు కూడా సన్నగిల్లాయి.

దీపం ఆరిపోయింది. పిల్ల ఊరుకుందన్నమాట.

బజారు మూసేదాకా మళ్లీ వెలగలేదు. పైజాన్ అలాగే నిలబడి ఉన్నాడు. బేరానికొచ్చినవాళ్లకు ఎడమచేత్తో తర్వాత రమ్మని సైగ చేశాడు. కుడిచేయి ఒక్కసారి కూడా దాచలేదు.